వేయించిన మట్టి

అక్కా,

నువ్వు పంపిన మట్టి అందింది. మీ చిక్కుడు మడిలో పురుగులు తెల్లగా బూజు పట్టి చస్తున్నాయన్నావుగా, పరీక్షించడానికి ఆ బూజు కావాలనే మట్టి అడిగాను. నువ్వేమో పురుగూ పుట్రా ఉండకూడదని జల్లించి, మూకుడులో వేయించి మరీ పంపావు. అందులో బూజు కూడా బతికి లేదు.

కోపం లేదులే. నాకోసం పంపిన చిక్కుడు నారు వేళ్లకి కాస్త తడిమట్టి అంటుకుని ఉంది. అది మా ల్యాబులో పురుగుల డబ్బాలో వేశాం. వారం తిరక్కముందే పురుగులన్నీ పిండిలో దొర్లినట్టు తెల్లబడి చచ్చాయి. రైతులకి పురుగుమందు కొట్టే పని తప్పుతుందేమోనని మా మేడంగారు తెగ సంబరపడుతున్నారు.

ఆదివారం ఆవిడే మీ పెరడు చూడటానికి వస్తున్నారు. ఎవరైనా వస్తున్నారంటే నువ్వెలా ఉంటావో నాకు తెలుసు. ఇల్లు ఎన్నిసార్లయినా కడుక్కో. ఆ మడిని మాత్రం అలాగే మురిగ్గా ఉండనివ్వు.

నీ పురుగుల చెల్లి