ఇది రెండు డబ్బులు

ఆదివారం, వాషర్‌మెన్‌పేట్

ఎన్నాళ్లుగానో సౌకార్‌పేట షావుకార్ల అంగళ్లలో వెతుకుతున్న కంపెనీ దొరల కాలపు రాగి నాణెం ఈరోజు దొరికింది! ఒక పక్క తమిళం, ఇంకో పక్క తెలుగు. అప్పట్లో డబ్బు అంటే ఒక నాణెం పేరు. ఇప్పుడు లోకంలోని సొమ్మంతా ఆ పేరు పెట్టేసుకుంది.

మా అమ్మాయి దివ్య ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదవడం మాత్రం తమిళమే. తెలుగు వాచకం ముందు పెడితే చాలు, "ఈ జిలేబీ అక్షరాలు నాకొద్దు నాయనా" అని లేచిపోతుంది. ఆల్బమ్‌లో ఒక్కో నాణెం కింద దాని కథ తెలుగులో రాసుకున్నాను. నా తర్వాత అవన్నీ ఎవరు చదువుతారోనని నా బెంగ.

ఈరోజు నాణెం తనే లాక్కుంది. భూతద్దం పెట్టి తమిళం పక్క చదివింది: "ఇదు రెండు డబ్బు." వెనక్కి తిప్పి, ఆ మాటలే ఇటు తెలుగులో ఉంటాయని పసిగట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టింది. "ఇ... ది... రెం... డు... డబ్బులు! ఇంతేనా నాయనా? రొంబ ఈజీ!"

వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. "బిడ్డ మొదట చదివిందే డబ్బా! ఇంక దీనికి సౌకార్‌పేటలో అంగడి పెట్టిచ్చెయ్ రా!"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. కానీ అది చదివినట్టా, ఊహించినట్టా? రేపటికి మరిచిపోతుందేమో...

ఆల్బమ్‌లోంచి పాత అణా బిళ్ళ ఒకటి తీసి, దాని స్కూలు బ్యాగు మీద పెట్టాను. ఆ బిళ్ళ మీద తెలుగు ఉంది. తమిళం లేదు.