డ్రోన్‌లో నా వాటా

సెప్టెంబర్ 6

మా మరిది మెలిస్‌కి మతి పోయింది. నగరం నుంచి డ్రోన్ కొనుక్కొచ్చాడు. దానితోపాటు తుపాకీకి బిగించే థర్మల్ స్కోప్ కూడా. రెంటిలోనూ ఒంటి వేడిని బట్టి జంతువు చీకట్లోనైనా తెల్లగా కనిపిస్తుందట. జీపులో కూర్చుని టీ తాగుతూ, గుట్ట అవతలున్న కొండమేకల్ని స్క్రీన్ మీద చూపించాడు. చూడు వదినా, కాలు కదపకుండా మంద మొత్తం నా చేతిలో ఉంది, మీ నాన్న ఒక్క మేక కోసం రోజుల తరబడి బోర్లా పాకేవాడు పాపం అన్నాడు.

మా నాన్న పేరెత్తేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆయన పాకాడు కాబట్టే నువ్వు స్క్రీన్ మీద చూడ్డానికి ఇంకా మేకలు మిగిలాయిరా అన్నాను. వదినా మరిదీ సరసమనుకుని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మందలో ఒంటికొమ్ముడు కనిపించాడు. ఎడమ కొమ్ము సగానికి విరిగిన ముసలి పోతు. ఏళ్ళ తరబడి వాడి వెంట పడుతున్నాను, ఏళ్ళ తరబడి నన్ను వెర్రిదాన్ని చేసి పోతున్నాడు. అలాంటివాణ్ణి తెల్లమచ్చలా చూడలేక మొహం తిప్పేసుకున్నాను.

ఇంకో సంగతి. ఎగరేసే ముందు మెలిస్ ఆ డ్రోన్ చుట్టూ జునిపర్ కొమ్మ పొగ తిప్పాడు. యంత్రానికి దిష్టి తీసే వేటగాణ్ణి ఇప్పుడే చూశాను! మరి వీడే కదా పోయినేడు ఎవరో ముసలాయన ఎదురొచ్చి షిరల్గా అంటే వినపడనట్టు పోయింది. వేట నుంచి వచ్చేవాడు షిరల్గా అన్నవాళ్ళకి అడిగిన వాటా ఇవ్వకపోతే తుపాకీ ఊరుకుంటుందా? సీజనంతా గురి తప్పి, శాపం తగిలిందని ఇంటింటికీ వెళ్ళి ఏడ్చాడు.

సెప్టెంబర్ 7

ఒంటికొమ్ముడు కలలోకొచ్చాడు. ఒళ్ళంతా తెల్లగా మెరుస్తున్నాడు.

సెప్టెంబర్ 14

వేటగాళ్ళ సంఘం మీటింగ్. మా కొండ మీద ఎవరు, ఎప్పుడు, ఎలా వేటాడాలో తేల్చేది ఈ సంఘమే. ఇంతమంది మగాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే, గొంతు మాత్రం నాదే పెద్దది. లేచి చెప్పేశాను. కొండ మీద డ్రోన్ వద్దు. థర్మల్ స్కోప్ వద్దు. మంద ఎటు పోతోందో వాకీటాకీలో చెప్పుకోవడం వద్దు. పిట్టల్ని మోసం చేసే కూత స్పీకర్లు వద్దు. బైనాక్యులర్ ఉంచుకోండి, చూసే కళ్ళు మీవే కదా. ఫోనూ ఉంచుకోండి, కాలు విరిగితే పెళ్ళాన్ని పిలవడానికి.

మెలిస్ లేచి, పెళ్ళి వీడియోలు తియ్యడానికి కొనుక్కున్నానయ్యా, దాంతో ఎవడు వేటాడాడు, వదిన నా పొట్ట కొడుతోంది అన్నాడు. అదే మాట రొట్టె ముట్టుకుని చెప్పు అన్నాను. రొట్టె బల్ల మీదే ఉంది, దాని మీద చెయ్యేసి అబద్ధమాడేవాడు మా కొండల్లో లేడు. సరిగ్గా అప్పుడే వాడికి దగ్గు పట్టుకుంది. నీళ్ళకని బయటికి పోయినవాడు మళ్ళీ రాలేదు.

సంఘం పెద్ద సగినాలి తాత గడ్డం దువ్వుకుంటూ, దగ్గు సాక్ష్యం కాదమ్మాయ్, వాడు ఆ యంత్రంతో వేటాడినట్టు కళ్ళారా చూపించు, మొదటి చెయ్యి నాదే లేస్తుంది అన్నాడు. కళ్ళారానట! ఆయనకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు.

సెప్టెంబర్ 15

జిల్లా వేట ఆఫీసులో మెలిస్ మీద కంప్లయింట్ ఇస్తానని నోరు జారాను. అత్తయ్య పిండి చేతులతోనే వచ్చి ఎదురుగా నిలబడింది. వాడు వెధవే, కానీ నేను కన్న వెధవ, వాణ్ణి కేసులో ఇరికించిన చేతి టీ మాత్రం నేను తాగను అంది. కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆమె తాగుతున్నది నా చేతి టీయే. మా ఆయన జపార్ గుర్రం గిట్టలు చూడాలని దొడ్లోకి జారుకున్నాడు. గుర్రం మేతకెళ్ళి అప్పటికి రెండు రోజులైంది.

రూల్ కావాలి. ఇల్లూ కావాలి. రెంటిలో ఏదీ వదలను.

సెప్టెంబర్ 23

పొద్దుటి నుంచీ కొండ మీదే ఉన్నాను. ఒంటికొమ్ముడు లేడు. ఉప్పు నాకే రాయి దగ్గర వాడి జాడ లేదు. మంద ఎక్కడికక్కడ చెదిరిపోయింది. పైన ఏదో గుయ్యిమంటే తలెత్తి చూశాను. తేనెటీగ. తేనెటీగని చూసి బూతులు తిట్టాను, ఇదీ నా పరిస్థితి.

సెప్టెంబర్ 24

టీ పోసిచ్చాను. అత్తయ్య తాగింది. జిల్లా ఆఫీసుకి నేను వెళ్ళలేదు మరి.

అక్టోబర్ 3, ఇంటికి రాగానే

గెలిచాను! వరసగా రాస్తాను.

పక్క లోయలో పెళ్ళి. మెలిస్ రాలేదు. జిల్లా కేంద్రంలో వేరే పెళ్ళి వీడియో తియ్యాలన్నాడు. తిరిగొచ్చేటప్పుడు నా పాత నీవా కారులో ముందు సగినాలి తాత, వెనక అత్తయ్య, అందరి ఒళ్ళోనూ పెళ్ళివారు కట్టిచ్చిన మాంసం సంచులు. పొద్దు గుంకుతోంది. వంతెన దగ్గరికొచ్చేసరికి మెలిస్ జీపు కొండ మీంచి దిగుతూ ఎదురైంది. పెళ్ళి కొండ మీద పెట్టుకున్నారు కాబోలు! కారు అడ్డంగా ఆపాను. తాత అదిరిపడి, ఏమైందమ్మాయ్, గుద్దేశావా అన్నాడు. ఇంకా లేదు అన్నాను.

ఎలా తోచిందో తెలీదు. కిందికి దూకి లోయంతా మారుమోగేలా అరిచాను. షిరల్గా!

షిరల్గాకి నీదే అని బదులివ్వడం పుట్టినప్పటి నుంచీ అలవాటైన నోరు కదా, నీదే వదినా అనేశాడు మెలిస్. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పక్క సీట్లో, డబ్బిచ్చి వేటకొచ్చిన నగరం అతిథి టోపీ మొహమ్మీదికి లాక్కున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకుంటే మళ్ళీ శాపం. ఏడుపు మొహం పెట్టుకుని మెలిస్ జీపు డిక్కీ తెరిచాడు.

లోపల కొండమేకపోతు. మొట్టమొదట కొమ్ములే తడిమాను. రెండూ నిండుగా ఉన్నాయి. వాడు కాదు! నా ప్రాణం లేచొచ్చింది. పోతు కాళ్ళ పక్కనే స్కోప్, రెక్కలకి నెత్తురంటిన డ్రోన్.

మెలిస్ గబగబా కత్తి తీసి, తొడ కోసిస్తా వదినా, తొడ తీసుకో అంటున్నాడు. తొడ నాకెందుకురా, సంచి నిండా పెళ్ళి మాంసముంది అన్నాను. ఈ వేట కోసం నువ్వు నడిచావా? వెతికావా? గాలి ఎటు వీస్తోందో చూసుకున్నావా? తిరిగిందీ ఈ డ్రోనే, వెతికిందీ ఇదే. వేటాడింది ఇదైతే నా వాటా కూడా ఇదే. డ్రోన్ ఇటివ్వు!

వాడు మా కారు వైపు తిరిగాడు. అమ్మా, చూడవే అన్నాడు, యాభై ఏళ్ళ మొనగాడు. ఆమె కాదంటే అంతా అయిపోయినట్టే. అత్తయ్య కారు అద్దం దించి, షిరల్గా అడిగింది కదరా, ఇచ్చెయ్యి, పోయినేడు ఎగ్గొట్టి ఏడ్చింది చాల్లేదా అంది. అక్కడికక్కడే ఆమెని ఎత్తుకుని తిప్పాలనిపించింది.

సగినాలి తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి డ్రోన్‌ని రెండు చేతులా తడిమాడు. వేళ్ళకంటిన నెత్తురు వాసన చూశాడు. పెళ్ళికూతురికి దెబ్బ గట్టిగానే తగిలినట్టుందే మెలిస్ అన్నాడు.

నేను రోడ్డు మీదే కూలబడి నవ్వాను.

అక్టోబర్ 5

రూల్ పాసైంది. మొదటి చెయ్యి సగినాలి తాతదే, మాట మీద నిలబడ్డాడు. జపార్ రెండు చేతులూ ఎత్తాడు. నా మొగుడు! తర్వాత ఒక్కొక్కటే అన్నీ లేచాయి. ఇక మీదట నేను వద్దన్నవాటిలో ఏది పట్టుకుని కొండెక్కినా ఆ సీజన్‌కి వాడికి వేట లేదు. మెలిస్ చెయ్యి ఎత్తలేదు, చెవి గోక్కున్నాడు. తాత దాన్నీ లెక్కలో వేసుకున్నాడు. శుక్లాలు కదా, పాపం.

అక్టోబర్ 6

రొట్టె మాడ్చాను. అయినా అందరూ తిన్నారు. గెలిచినదాని రొట్టె మాడినా కమ్మగానే ఉంటుంది.

అక్టోబర్ 20

అత్తయ్య డ్రోన్‌ని కోళ్ళగూటి మీద వేలాడదీసింది. గద్దలు రావడం మానేశాయని ఊరంతా చెప్పుకుంటోంది. మెలిస్ మాత్రం నాతో మాట మానేశాడు. స్కోప్ పెట్టెలో పెట్టి తాళమేశాడని తోడికోడలు చెప్పింది. డ్రోన్ లేదనేసరికి నగరం అతిథి రానన్నాడట. నేను కబురు పంపలేదు, తగ్గలేదు. కానీ మెలిస్ లేకపోతే ఏడిపించడానికి ఇంట్లో ఎవరున్నారు?

సాయంత్రం వాడే వచ్చాడు. టీ పోస్తే తాగాడు. పొయ్యి వంక చూస్తూ, మీ నాన్న బోర్లా పడుకునే రాయి ఎక్కడుంది వదినా అనడిగాడు. కొండెక్కి బోర్లా పడుకో, అదే కనిపిస్తుంది అన్నాను. తర్వాత జాలేసి దారి చెప్పాను.

నవంబర్ 2

మెలిస్ కొండ దిగొచ్చాడు, కాలినడకన. మోకాళ్ళు చిరిగాయి, చేతులు ఖాళీ. ఊరికే ఏడిపిద్దామని గుమ్మంలోంచి షిరల్గా అని అరిచాను. వాడు ఆగి, జేబులోంచి చిటికెడు బూడిదరంగు బొచ్చు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒంటికొమ్ముడు ఆ రాయికి ఒళ్ళు రుద్దుకుంటూ పక్కనే వచ్చి నిలబడ్డాడట. వీణ్ణి కళ్ళల్లోకి చూసి, చీదేసి, వెళ్ళిపోయాడట. తుపాకీ ఉన్న సంగతే గుర్తు రాలేదు వదినా అన్నాడు.

బొచ్చు వెచ్చగా ఉంది. వాడి జేబులో ఉండి కాబోలు.