జింక కళ్ళకు నీ మఫ్లర్

అక్కా,
నేను క్షేమం. తుపాకుల మధ్య తిరుగుతున్నానని నువ్వు నిద్ర మానుకోవద్దు. తుపాకీ ఫారెస్టు గార్డు దగ్గరే ఉంటుంది. వేటగాళ్ళు పొదల్లో పన్నిన తీగ ఉచ్చులు వెతికి తీసేయడమే నాలాంటి వాలంటీర్ల పని.

నిన్న పొద్దున ఒక ఉచ్చులో ఆడ జింక కాలు ఇరుక్కుని కనిపించింది. అది తన్నుకున్నకొద్దీ తీగ బిగుస్తోంది. "కళ్ళు కప్పితే నెమ్మదిస్తుంది, గుడ్డేమైనా ఉందా?" అన్నాడు గార్డు. నువ్వు అల్లిన మఫ్లర్ తీసి కప్పి, దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. "ఏం కాదమ్మా, అయిపోయింది" అన్నాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వనే మాటే నోటికొచ్చింది. నా అరచేతి కింద దాని గుండె దడ మెల్లగా తగ్గింది. గార్డు తీగ కత్తిరించాడు. జింక కుంటుతూనే లేచి, నాలుగు గంతుల్లో పొదల్లో కలిసిపోయింది. నాకెందుకో ఏడుపొచ్చింది. గార్డు చూడనట్టే అటు తిరిగి నిలబడ్డాడు.

జింక లేచేటప్పుడు డెక్క తగిలి మఫ్లర్ చీలికలైంది. తిట్టుకోకుండా ఇంకొకటి అల్లి పంపు, ఇక్కడ తెల్లవారుజామున చలి కొరికేస్తోంది. బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కొళాయి బాగు చేయించారా, ఇంకా కింద గిన్నె పెట్టే నెట్టుకొస్తున్నారా? వానలు మొదలవగానే వస్తాను.

బావకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. మామయ్య పులుల్ని కాపాడుతున్నాడని బడిలో అందరికీ చెబుతోందట కదా. చెప్పుకోనీ, దిద్దకు. ఇక్కడ పులి లేదన్న సంగతి నేనొచ్చాక మెల్లగా చెబుతాను.

నీ తమ్ముడు