రెండు మోడెములు, రెండు క్లాకులు

1987, మంగళవారం

వారం నుంచి మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఫైబర్ మోడెమ్ మీద, లైనులో తప్పుందని చూపే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. జహనుమా దగ్గర కేబుల్ అతికిన యాదగిరన్నదే తప్పని ఇంజనీరుగారు రిపోర్టు రాసి, టెక్నీషియన్‌గా నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.

"నా జాయింట్ మంచిగనే ఉందమ్మా, ఇంకేందో చూడు," అన్నాడు యాదగిరన్న.

చూశాను. డేటాకు తాళం వేసే క్లాకు ఒక్కటే ఉండాల్సింది, రెండు చివర్ల మోడెములూ దేని క్లాకు మీద అది నడుస్తున్నాయి. ఒకదాని క్లాకును బట్టి రెండోది నడవకపోతే డేటా తప్పులతడకే. అవతలి ఆఫీసు క్లాకు మనకెందుకని పోయిన వారం మన మోడెమ్ క్లాకు స్విచ్చు మార్పించింది ఇంజనీరుగారే!

ఆయన ఎదుటే స్విచ్చు మళ్ళీ అవతలి క్లాకు వైపు తిప్పాను. దీపం ఆరిపోయింది.

"ఎవర్నడిగి తిప్పావమ్మా?"

"నేనే తిప్పిన అని రాసియ్యమంటే రాసిస్త సార్."

రేపు మెమో ఇస్తారేమో. ఇవ్వనీ. జవాబులో మొదటి వాక్యం ఇప్పుడే రాసిపెట్టుకున్నాను: యాదగిరి జాయింట్‌లో ఏ లోపమూ లేదు.