వార్డ్ కొండకి వెనక వైపు

అబర్డీన్, మే 2

ఓస్లా అత్తయ్యకి,

మీ అన్నగారి అబ్బాయి గిబ్బీ రాస్తున్నాను. ఇక్కడ మేం కులాసా. ఈ వేసవిలో మీ దీవికొచ్చి వార్డ్ కొండ ఎక్కాలని నిశ్చయించుకున్నాను. మా నాన్న పోయేముందు కూడా దాని గురించే చెప్పాడు. ముందు నుంచి చూస్తే మామూలు కొండేనట. వెనక్కి వెళ్తే కొండే ఉండదట, దేవుడు కత్తితో కోసి సముద్రంలో పడేసినట్టు ఉంటుందట. వింటుంటేనే నాకు ఒళ్ళు జలదరించేది.

మా నడక క్లబ్బుకి కార్యదర్శిని కాబట్టి పథకం వేసేశాను. పదింటికి రేవు, పదకొండున్నరకి శిఖరం, పన్నెండుకి భోజనం. దారి ఎలా ఉంటుందో నువ్వు రాయాలి.

ఇట్లు, గిబ్బీ

తా.క. దారి తప్పితే నిమిషానికి ఆరుసార్లు ఈల వేస్తాను. ఊళ్ళో అందరికీ చెప్పి ఉంచు.


స్టావా దీవి, మే 19

ఒరేయ్ గిబ్బీ,

పొగమంచుకి రెండు వారాలు పడవ రాలేదు. నీ ఉత్తరం నిన్ననే అందింది.

కొండ మీద నీకేం పనిరా? గొర్రె తప్పిపోయిందా? ఇక్కడ పనీ పాటా లేకుండా కొండెక్కిన మనిషి లేడు. మగాళ్ళు గొర్రెల కోసం వెళ్తారు. ఆడవాళ్ళం పొయ్యిలోకి పీటు మట్టి తవ్వే చోటు దాకా బుట్ట వీపున వేసుకుని, నడుస్తూనే మేజోళ్ళు అల్లుకుంటూ వెళ్ళొస్తాం. దాన్ని దాటి ఒక్క అడుగు వేస్తే ఊరంతా నవ్వుతుంది.

అది సరేగానీ, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఎక్కగలరంటావా? మీ క్లబ్బులో అలాంటివాళ్ళని ఏం చేస్తారు?

మీ అత్త, ఓస్లా

తా.క. ఈల వెయ్యకు. కుక్కలన్నీ పైకి పోతాయి.


అబర్డీన్, జూన్ 3

అత్తయ్యా,

నా మోకాళ్ళ సంగతి నీకెవరు మోశారు? మా ఆవిడేనా? నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. రెండు మోకాళ్ళూ భేషుగ్గా ఉన్నాయని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని దీంతో జతచేశాను. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వంద అడుగులకోసారి కూర్చుని లేస్తే చాలు. కర్ర ఉండాలి.

ఇట్లు, ఆరోగ్యవంతుడైన గిబ్బీ

తా.క. సర్టిఫికెట్ ఊళ్ళో అందరికీ చూపించు.


స్టావా, జూన్ 16

ఒరేయ్ గిబ్బీ,

చూపించాను. ఆ చేతిరాత చూసి, డాక్టరుకే ఏదో జబ్బు ఉందన్నారు.

వంద అడుగులకోసారి కూర్చోవచ్చంటే బాగానే ఉంది. మరి ఎడమ కన్ను బొత్తిగా ఆనదనుకో, కుడి కన్నూ మసగ్గా ఉందనుకో. అలాంటి మనిషికి కొండ అంచు ఎక్కడుందో తెలిసేదెలా? వెనక వైపు రెయిలింగు లేదురా.

మీ అత్త

తా.క. కొండలెక్కే బూట్లు నాలుగో నంబరులో దొరుకుతాయా? ఊరికే అడిగాను.


అబర్డీన్, జూలై 1

అత్తయ్యా,

మోకాళ్ళయ్యాయి, ఇప్పుడు కళ్ళా! ఇదిగో కంటి సర్టిఫికెట్. ఇక నా పళ్ళ మీద పడకు. అంచు దగ్గర ఎవరైనా చేసేది ఒకటే. పది గజాల ముందే బోర్లా పడుకుని చేత్తో తడుముకుంటూ పాకాలి. గాలి ఉంటే అదీ వద్దు.

నా పాదం తొమ్మిదో నంబరు. అదీ నీకు చిన్నదిగానే కనిపిస్తోందన్నమాట! పెద్దదానివి అడిగావని నాలుగో నంబరు జత కూడా పంపుతున్నాను, ఎవరికిస్తావో ఇచ్చుకో. పందొమ్మిదో తేదీ, శనివారం దిగుతున్నాను.

ఇట్లు, గిబ్బీ

తా.క. నేను పడిపోతానని అంత భయమైతే నువ్వు రేవులోనే కూర్చో. పైనుంచి చెయ్యి ఊపుతాను.


స్టావా, జూలై 22

ఒరేయ్ గిబ్బీ,

కడుపులో తిప్పడం తగ్గిందా? శనివారం అలల ఉద్ధృతికి మీ పడవ రేవు ముందు మూడు చుట్లు తిరిగి వెనక్కి పోయింది. నువ్వు చెయ్యి ఊపుతున్నావో వాంతి చేసుకుంటున్నావో నాకు ఆనలేదు. పక్కవాళ్ళని అడిగితే రెండూ అన్నారు.

నిజం చెప్పేస్తాను. ఆ మోకాళ్ళు నావిరా. కళ్ళూ నావే, పాదాలూ నావే. డెబ్భై నాలుగేళ్ళుగా ఆ కొండ కిందే ఉన్నాను, ఒక్కసారీ పైకి వెళ్ళలేదు. వచ్చే చలికాలం దాటితే కుడి కంటి చూపు కూడా ఉండదని మార్చిలో లెర్విక్ పట్నం డాక్టరు చెప్పాడు. చుట్టం వచ్చాడు, కొండ చూపించి తీసుకొస్తానంటే ఎవరూ నవ్వరని నీమీద ఆశ పెట్టుకున్నాను. నువ్వేమో రేవు దాకా వచ్చి వెళ్ళిపోయావు.

పడవ వెనక్కి పోయాక కూడా అందరూ రేవులోనే ఉన్నారు. కొత్త బూట్లు వేసుకుని నేను కొండ వైపు తిరిగాను. పక్కింటి జెమీమా, "ఎక్కడికే ఓస్లా?" అంది. "పైకి." "ఏం పనుందని?" "పనేం లేదు. చూడ్డానికి."

ఎవ్వరూ నవ్వలేదురా. దారిచ్చారు.

నువ్వు గంటన్నరన్నావు, నాకు నాలుగు గంటలు పట్టింది. పైన గాలి పడిపోయి ఉంది. నువ్వు చెప్పినట్టే బోర్లా పడుకుని, గడ్డి తడుముకుంటూ పాకాను. ఒకచోట చేతికి గడ్డి తగల్లేదు. తల బయటికి పెట్టాను.

గిబ్బీ, మీ నాన్న తక్కువ చెప్పాడు. నా గడ్డం కింద భూమి అయిపోయింది. ఎక్కడో అడుగున సముద్రం తెల్లగా విరుగుతోంది, చప్పుడు ఇంత దూరం రావడం లేదు. మధ్యలో పక్షులు, వేలకి వేలు, నా మసక కంటికి కూడా ఆనేంత దగ్గరగా నా కింద ఎగురుతున్నాయి. పుట్టినప్పటినుంచీ వాటి పొట్టలే చూశాను. మొదటిసారి వీపులు చూశాన్రా! ఇంత పెద్దది మా ఇంటి వెనకే ఉందా అని ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా మనసొప్పలేదు, ఆ కాస్త సేపూ ఎక్కడ చూడకుండా పోతుందోనని.

ఆదివారం చర్చి అయ్యాక జెమీమా నన్ను గోడ చాటుకి లాగి, "పైన ఏముందే?" అని గుసగుసగా అడిగింది. చెప్పలేదు. రేపు తీసుకెళ్తున్నాను.

ప్రేమతో, మీ అత్త ఓస్లా

తా.క. వచ్చే వేసవికి రా. అప్పటికి నాకు చూపుండదు, అయినా కాళ్ళకి దారి వచ్చేసింది. నిన్ను అంచు దాకా తీసుకెళ్తాను. ఏం కనిపిస్తోందో నువ్వు చెబుతూ ఉండు. తప్పు చెబితే పట్టేస్తాను.