టైము దాటిన రొట్టె

ఆదివారం, ఆత్మకూరు.

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, కోపం పడుకోనివ్వలేదు. అనంతసాగరం నుంచి మరియమ్మ చర్చికి చేరేసరికి ప్రభు భోజనం పంచడం అయిపోయింది. పళ్ళెంలో రొట్టె మిగిలినా పాస్టరు ఆమెకు ఇవ్వలేదు.

"దేవుణ్ణి వెతికేవాళ్ళు ముందే వస్తారమ్మా."

"ఆటో నిండందే కదలదయ్యగారూ, నేనేం చేసేది?"

నాకు మండింది. "కృప ఊరికే వస్తాదని పోయిన వారం మీరే కదయ్యా చెప్పింది! దానికీ టైముండాదా?" అన్నాను. మా నాయన బతుకంతా దేవుణ్ణి తిట్టి, చావుమంచం మీద బాప్తిస్మం అడిగాడు. ఆయన్ని ఎవరూ టైము అడగలేదు.

పాస్టరు పళ్ళెం మీద గుడ్డ కప్పేశాడు.

అందరం కలిసి తినాలని చేతిలో పట్టుకున్న నా ముక్కను మరియమ్మకిచ్చాను. ఆమె సగం తుంచి నాకిచ్చింది.