చుక్కల్ని మింగిన కెమెరా

తమ్ముడూ,

నువ్వు చల్లగా ఉండాలి. అలవాటు కొద్దీ అంటున్న మాట కాదిది. కోపంతో ఉత్తరం రాయకూడదని, ప్రార్థన ముగించి, మరికాసేపు కళ్లు మూసుకుని కూర్చుని లేచాను. కోపం పోయింది. అసహ్యం మిగిలింది.

మా డాబా మీద ఆకాశం ఫోటోలు తీసుకునే ముగ్గురం, మాలాంటి మరెందరో కలిసి మీ కంపెనీకి పంపిన ఫిర్యాదుకు నిన్న జవాబొచ్చింది. "ముందు ఫోకస్ సరిగ్గా పెట్టడం నేర్చుకోండి" అని. కింద సంతకం నీది.

మీ కెమెరా సన్నటి చుక్కను చూసి, ఫోటోలో పడ్డ మచ్చేమోనని తనంతట తానే చెరిపేస్తోంది. ఫోకస్ ఎంత బాగా కుదిరితే చుక్క అంత సన్నగా పడుతుంది, అంత సులువుగా మాయమవుతుంది. కావాలని కాస్త మసకగా తీస్తే ఉబ్బి బతికిపోతుంది. ఆ రెండు రకాల ఫోటోలూ జతచేసి మరీ పంపాం. శ్రద్ధగా తీసినవాళ్లకే నష్టమని నీకు అర్థం కాలేదంటే నమ్మను. కెమెరాల పనిలో తల పండినవాడివి. అర్థమయ్యే రాశావు.

అంతకన్నా లోతుగా దిగింది ఇంకొకటి ఉంది. వీళ్లు ఎప్పుడో పత్రికలకెక్కుతామన్నారు. నేనే ఆపాను. "లోపల నా తమ్ముడున్నాడు. వాడు అబద్ధమాడడు, ఆగండి" అన్నాను. నీకు ఫోన్ చేస్తే, "చూస్తున్నాం అక్కా, కాస్త ఓపిక పట్టమను" అన్నావు. పట్టించాను. ఈలోగా ఆ లోపం లేని మీ కొత్త మోడల్ బజార్లోకి వచ్చింది. పాతదాన్ని బాగుచేయడం అసాధ్యమట, కావాలంటే కొత్తది కొనుక్కోవాలట! ఆ ప్రకటన చదివి, మా ముగ్గురిలో ఒకరైన మందుల షాపు అమ్మాయి నా వైపు చూసింది. మూడోవారు, రిటైరైన బస్సు డ్రైవరుగారు మాత్రం ఊరుకోలేదు. "మీ తమ్ముడు మాకు చుక్కలు చూపించాడమ్మా, ఒక్క కెమెరాలో తప్ప!" అన్నారు. ఆయన నవ్వారు. నేను తల దించుకున్నాను.

నా మాటను అడ్డం పెట్టుకుని నీ కంపెనీకి గడువు సంపాదించి పెట్టావు. అందుకే బహిరంగ లేఖ రాస్తున్నాం. మొదటి సంతకం నాది. నీ అక్కనని కూడా రాస్తాను. ముందుగా చెప్పడం న్యాయం కనుక చెప్పాను.

అక్క

*

తమ్ముడూ,

నువ్వు పంపిన మెమరీ కార్డు అందింది. అందులోని ప్రోగ్రాంను నా పాత కెమెరాలో ఎక్కించాను. చుక్కలన్నీ నిలిచాయి. కవరులో నీ చీటీ చూశాను. "నీ ఒక్కదానికే అక్కా. ఎవరికీ చెప్పకు."

చదివాక చేతులు కడుక్కోవాలనిపించింది. కడుక్కున్నాను కూడా. లోకానికంతా అసాధ్యమని చెప్పి, ఆ అసాధ్యాన్ని కవరులో పెట్టి అక్కకు పంపుతావా? పంక్తిలో వలపక్షం చేసేవాడి చేతి ముద్ద నాకు దిగదురా.

"ఇటివ్వమ్మా, మనమంతా ఎక్కించుకుందాం. వాళ్లేం చేస్తారో చూద్దాం" అన్నారు డ్రైవరుగారు.

"వద్దు బాబాయ్. చాటుగా తీసుకుంటే రేపు మనమూ నోరు మూసుకోవాలి" అంది మందుల షాపు అమ్మాయి.

ఆమె మాటే నాకు నచ్చింది. కార్డు ఎవరికీ ఇవ్వలేదు. దాచనూ లేదు. అదే ఆకాశం, అదే పాత కెమెరా, ప్రోగ్రాంకు ముందూ తర్వాతా తీసిన రెండు ఫోటోలూ లేఖకు జతచేశాం. బాగుచేసి పంపింది కంపెనీ మనిషే అని రాశాం. పక్కన నా సంతకం ఉంది కనుక ఆ మనిషెవరో ఎవరికైనా తెలుస్తుంది. నీ ఉద్యోగం పోవచ్చు. తెలిసే చేశాను.

అక్క

*

ఒరే నాయనా,

మీ కంపెనీ దిగొచ్చింది. పాత కెమెరాలన్నింటికీ ఆ ప్రోగ్రాం ఉచితంగా ఇస్తున్నారు. డ్రైవరుగారు తన ఫోటో చూసుకుని, "పోయారనుకున్న చుట్టాలంతా తిరిగొచ్చారమ్మా!" అంటూ కళ్లద్దాలు తుడుచుకున్నారు. నిన్ను తీసేస్తే, అసాధ్యమన్నది అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందని కదిలించలేదట. సంతోషం.

నీ ఉత్తరమూ అందింది. "లోపల ఎంత మొత్తుకున్నా పైవాళ్లు వినలేదక్కా. ఎవరికీ చెప్పకు అంటే నువ్వు చెప్పి తీరతావని తెలిసే అలా రాశాను" అన్నావు. నమ్మాను. నా సంగతి నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కానీ శభాష్ అంటానని ఎదురుచూడకు. ముందు నా మాట చాటున వాళ్లను ఆపావు. తర్వాత నా నిజాయితీ చాటున నువ్వు దాక్కున్నావు. తమ్ముడి కూడు నా చేత్తోనే తీసేస్తున్నానని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ప్రార్థనలో నీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆపేసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని. "ఇది నా ఎత్తేనక్కా" అని ఒక్క ముక్క చెప్పలేకపోయావు. మంచిపనిని కూడా ఎంగిలి చేత్తో చేశావు. ఫలితం బాగుందని చెయ్యి శుభ్రమవుతుందా?

శనివారం సాయంత్రం అందరం డాబా మీద ఉంటాం. ఫోకస్ నేర్చుకోమని రాసింది నేనేనని, తప్పని తెలిసే రాశానని వాళ్ల మొహాలు చూసి చెప్పు. డ్రైవరుగారు నాలుగు తిడతారు, పడు. నేను అడ్డురాను.

వంట నేను చేస్తాను. క్షమాపణ నువ్వు తెచ్చుకో.

నీ పెద్దక్క